ఒక్కరి కోసం తలుపు తీయవచ్చా?



నియమం ముందు అందరూ సమానులేనని మనమంతా ఒప్పుకుంటాం. కాని మనం ఎంతో అభిమానించే మనిషి ఆ నియమం ముందు వచ్చి నిలబడినప్పుడు మన గొంతు మారుతుంది. “ఈ ఒక్కసారికి ఫరవాలేదు లెండి” అంటాం. ఈ మాట దయలో నుండి పుడుతుందా, లేక పక్షపాతంలో నుండి పుడుతుందా? ఈ ప్రశ్నను ఈ వారం మీతో కలిసి ఆలోచించాలని ఉంది. అందుకు మోటారు పందేల లోకంలో జరిగిన ఒక సంఘటనను ఎంచుకున్నాను. మీ ఇంట్లోని కుర్రవాళ్లకు ఇది తెలిసే ఉండవచ్చు. తెలియని పెద్దల కోసం మొదటి నుండి చెబుతాను.

2009 జూలై 25వ తేదీన హంగేరీ దేశంలో ఫార్ములా వన్ కార్ల అర్హత పోటీలు జరుగుతున్నాయి. ముందు వెళుతున్న ఒక కారు నుండి ఊడిపడిన స్ప్రింగు వెనుక వస్తున్న ఫెలిపె మస్సా శిరస్త్రాణానికి తగిలింది. మస్సా ఫెరారీ జట్టు డ్రైవరు. తలకు తీవ్రమైన గాయమైంది. దేవుని దయవలన ప్రాణం దక్కింది గాని, ఆ ఏడాది ఇక కారెక్కే పరిస్థితి లేదు. ఆయన స్థానంలో ఎవరు? ఫెరారీవారు తమ పాత విజేత మైఖేల్ షూమాకర్ వైపు చూశారు. ఏడుసార్లు ప్రపంచ విజేత, 91 పందేలు గెలిచిన మనిషి, 2006 చివరలో విరమించుకున్నారు. వయస్సు 40. ఆయన సరేనన్నారు. ఆగస్టు 23న స్పెయిన్ దేశంలోని వలెన్సియాలో జరిగే పందెంలో మళ్లీ కనిపిస్తారన్న వార్త విని అభిమానులు పొంగిపోయారు.

అయితే ఒక నియమం అడ్డు వచ్చింది. అంతకు ముందు రోజుల్లో ధనిక జట్లు పందేలకూ పందేలకూ నడుమ వేల కిలోమీటర్లు కార్లు నడిపి పరీక్షించుకునేవి. ఫెరారీకైతే సొంత బాటలే ఉన్నాయి. చిన్న జట్లకు అంత స్తోమత ఎక్కడిది? 2008లో ప్రపంచమంతటా ఆర్థిక సంక్షోభం వచ్చింది. హోండా వంటి పెద్ద సంస్థే ఆ డిసెంబరులో రంగం విడిచి వెళ్లిపోయింది. అందుచేత 2009 నుండి, పందేల కాలం మొదలయ్యాక ఆ ఏటి కారుతో సాధన చేయరాదని నిర్ణయమైంది. ఖర్చు తగ్గాలి, చిన్నవాడు కూడా పోటీలో నిలవాలి అన్నదే దాని ఉద్దేశం.

షూమాకర్ ఆ ఏటి కారును ఎన్నడూ నడపలేదు. జూలై 31న ఇటలీలోని ముజెల్లో బాటపై 2007 నాటి పాత కారుతో సాధన చేశారు. దానికి అడ్డు లేదు. ఇక కొత్త కారుతో ఒక్కసారి సాధన చేయనివ్వండని ఫెరారీవారు మిగిలిన జట్ల సమ్మతి అడిగారు. అందరూ ఒప్పుకోలేదు. విలియమ్స్, రెడ్ బుల్, టోరో రోసో జట్లు కాదన్నాయి. “మహా విజేతకు ఈపాటి గౌరవం ఇవ్వలేరా? అసూయ కాకపోతే ఏమిటి?” అని అభిమానులకు కోపం వచ్చింది.

విలియమ్స్‌వారు చూపిన కారణం వినండి. మస్సాకు గాయమైన ఆ హంగేరీ పోటీలోనే హైమె అల్గెర్సువారి అనే స్పానిష్ కుర్రవాడు టోరో రోసో తరఫున మొదటిసారి దిగాడు. వయస్సు 19 ఏళ్లు. అప్పటికి ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్నవారందరిలో పిన్నవాడు. బాటమీద ఆ కారుతో సాధన చేసే అవకాశం లేకుండానే దిగాడు. పసివాడికి వర్తించిన నియమం ఏడుసార్లు గెలిచినవాడికి ఎందుకు వర్తించదు?

ఇప్పుడు ఇరుపక్షాలనూ నిదానంగా పరిశీలిద్దాం. మినహాయింపు అడిగినవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. మస్సా గాయపడటం ఫెరారీ చేసిన తప్పు కాదు, ఎవరూ ఊహించనిది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో అలవాటు లేని మనిషిని కూర్చోబెట్టడం అతనికీ ప్రమాదం, పక్కవారికీ ప్రమాదం. నియమం రాసినవారు ఖర్చును తలచుకుని రాశారే గాని ఇటువంటి ఆపదను తలచుకుని కాదు. మరి అక్షరాన్ని పట్టుకుని వేలాడటం న్యాయమా?

ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో దీనిని చర్చించారు. చట్టం ఎప్పుడూ సామాన్యంగా, అందరినీ ఉద్దేశించి మాట్లాడుతుంది. జీవితం మాత్రం ఒక్కొక్క సంఘటనగా వస్తుంది. కాబట్టి చట్టకర్త ఊహించని చోట, ఆయనే ఇక్కడ ఉంటే ఏమి చెప్పేవాడో అది చేయడం న్యాయానికి విరుద్ధం కాదు, అది మరింత ఉన్నతమైన న్యాయం అన్నారు. లెస్బోసు దీవిలో తాపీ పనివారు వాడే సీసపు కొలబద్దను ఉదాహరణగా చూపారు. అది రాయి వంపును బట్టి వంగుతుంది. దీనినే మన పెద్దలు ధర్మసూక్ష్మం అన్నారు.

పునీత అక్వినాసు తోమాసువారు ఇంకొక ఉదాహరణ ఇచ్చారు. శత్రువులు నగరాన్ని ముట్టడించారు. కోట తలుపులు మూసి ఉంచాలని ఆజ్ఞ. అంతలో నగరాన్ని కాపాడే సైనికులనే శత్రువులు తరుముకుంటూ వస్తున్నారు. వారికి తలుపు తీయకపోతే నగరానికే నష్టం. అప్పుడు తలుపు తీయాలి. ఆజ్ఞ పుట్టింది నగరం కోసమే గదా! అయితే తోమాసువారు ఒక జాగ్రత్త కూడా చెప్పారు. ఆపద అప్పటికప్పుడు ముంచుకొస్తే తప్ప, ఎవరికి వారే నియమాన్ని సడలించుకోరాదు, అధికారం ఉన్నవారిని అడగాలి. ఈ విషయంలో ఫెరారీవారిని మెచ్చుకోవాలి. వారు దొంగచాటుగా సాధన చేయలేదు. బహిరంగంగా అడిగారు.

అడగటం తప్పు కాదు. మరి ఇవ్వకపోవడం తప్పా? కోట తలుపు తీసింది ఆ సైనికుల పేరు ప్రతిష్ఠలు చూసి కాదు, వారి ఆపదను చూసి. ఆ స్థితిలో ఏ అనామకుడు వచ్చినా తలుపు తీయవలసిందే. కనుక మినహాయింపు కోరే ప్రతి కారణాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇదే కారణం పేరులేనివాడికి కూడా చెల్లుతుందా?

ఫెరారీ వాదాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. కారణం ప్రమాదమే అయితే, అది అంతకు ముందు 91 పందేలు గెలిచినవాడి కంటె ఒక్క పందెమైనా ఆడని కుర్రవాడికి ఎక్కువ చెల్లుతుంది. అతనికి లేని మినహాయింపు ఈయనకు ఎలా వస్తుంది? కారణం కీర్తి అయితే, ఆ నియమం కీర్తిని గురించి పుట్టింది కాదు. పైగా పెద్దవాడి బలాన్ని కాస్త అదుపులో పెట్టడానికే పుట్టింది. దానిని పెద్దవాడి కోసమే సడలిస్తే, దానినే మొహం చూసి బొట్టు పెట్టడం అంటారు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి మంచి చోటు చూపి, బీదవానిని నిలబెట్టేవారిని యాకోబుగారు తమ లేఖలో మందలించింది ఇందుకే.

“కాదన్న జట్లు స్వార్థంతోనే అన్నాయి గదా” అని మీరు అడగవచ్చు. కొంత ఉండవచ్చు, వారూ పోటీదారులే. కాని చెప్పినవాడి మనసులో ఏముందన్నది ఒక ప్రశ్న, చెప్పిన మాట నిజమా కాదా అన్నది మరొక ప్రశ్న. ఎదుటివాని ఉద్దేశాన్ని విమర్శించి అతని వాదానికి జవాబు చెప్పామనుకోవడం మన ఇళ్లలోనూ సంఘాలలోనూ తరచుగా జరిగే పొరపాటు.

మరొక అభ్యంతరం ఉంది. ద్రాక్షతోట యజమాని చివరి గంటలో వచ్చిన కూలివానికి కూడా పూర్తి కూలి ఇచ్చాడు గదా, ఔదార్యానికి లెక్కలెందుకు అని. నిజమే. కాని ఆ యజమాని ఇచ్చింది తన సొమ్ము. ముందు వచ్చినవారి కూలిలో ఒక్క కాసు కూడా తగ్గించలేదు. అందరూ కలిసి చేసుకున్న నియమం ఏ ఒక్కరి సొమ్మూ కాదు. అందరిదీ అయినదానిలో నుండి మనవాడికి తీసి ఇవ్వడం ఔదార్యం అనిపించుకోదు.

తరువాత ఏమి జరిగిందో కూడా చెప్పాలి. ఆగస్టు 11న షూమాకరే తాను రాలేనని ప్రకటించారు. ఆ ఫిబ్రవరిలో మోటారు సైకిలు మీద నుండి పడినప్పుడు మెడకు తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. ఆయన బదులు లూకా బడోయెర్ దిగారు. ఎన్నో ఏళ్లుగా ఫెరారీ కార్లను పరీక్షించిన ఉద్యోగి, 1999 తరువాత పందెం ఆడలేదు. సాధన నిషేధం వలన ఆ ఏటి కారు ఆయనకూ చేతికి అలవాటు కాలేదు. వలెన్సియాలోనూ, తరువాత బెల్జియంలోనూ అందరికంటె వెనుక నుండే బయలుదేరారు. చాలామంది ఎగతాళి చేశారు. షూమాకర్ కోసం మినహాయింపు అడిగిన గొంతులు బడోయెర్ కోసం అంతగా వినిపించలేదు. మనం దయ అనుకున్నదానిలో అభిమానం పాలు ఎంతో అక్కడ తెలిసిపోతుంది.

అయితే ఆ నియమం లోపం లేనిదని నేను అనడం లేదు. లోపం నిజంగానే ఉంది. 2010లో దానిని సరిచేశారు. గడచిన రెండేళ్లలో పందెం ఆడని వ్యక్తిని నడిమధ్యలో డ్రైవరుగా తీసుకోవలసి వస్తే, అతనికి ఒక రోజు సాధన ఇవ్వవచ్చని రాశారు. విజేత అయినా సరే, ఊరూ పేరూ లేని కుర్రవాడైనా సరే. ఒక్కరి కోసం దొడ్డి తలుపు తీయకుండా, అందరి కోసం వీధి తలుపు కాస్త వెడల్పు చేశారు. ధర్మసూక్ష్మం చేయవలసిన పని ఇదే. షూమాకర్ 2010లో మెర్సిడెస్ జట్టుతో తిరిగి వచ్చి మూడేళ్లు ఆడారు. ఒక్క పందెమూ గెలవలేదు, 2012లో ఒకసారి మూడవ స్థానం దక్కింది. కాని అందరితోపాటు, అందరికీ ఉన్న నియమాలకే లోబడి ఆడారు. 2013 డిసెంబరులో మంచుకొండల మీద జారిపడి తలకు తీవ్రమైన గాయం కాగా, ఆనాటి నుండి ఆయన బహిరంగంగా కనిపించలేదు. ఆయన కోసం, ఆయన కుటుంబం కోసం ప్రార్థిద్దాం.

ఇక మన సంగతి. గడువు దాటాక వచ్చిన హాస్టలు దరఖాస్తు, వివాహ తయారీ తరగతులకు రాని పెద్దింటి పిల్ల, రేషను షాపు ముందు వరుసలో నిలబడని బంధువు, వీరి కోసం “ఈ ఒక్కసారికి” అని మనమూ అడుగుతాం, లేదా మననే ఎవరైనా అడుగుతారు. నాతో సహా ఎవరూ దీనికి అతీతులం కాము. రాయిలా ఉండమని చెప్పడం లేదు. తలుపు తీయవలసిన సందర్భాలు ఉన్నాయి, అప్పుడు తీయకపోవడమే పాపం. కాని తీసేముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరి సిఫారసూ లేక, అడగటం కూడా చేతకాక, ఇదే కారణంతో నిన్న వెనుదిరిగి పోయిన మనిషిని గుర్తు తెచ్చుకోండి. అతనికి కూడా తలుపు తీయగలిగితే తీయండి. తీయలేకపోతే, ముందు అతనిని పిలిపించండి.