భుజింపనివాని బాధ్యత

రొయ్యను ముట్టని లింగధారి తన మాగాణిని రొయ్యల చెరువునకు కౌలుకీయవచ్చునా? నెల్లూరు తీరమున మనవారి యిండ్లలో ఈ ప్రశ్న చాలకాలముగా మెదలుచున్నను పెదవి దాటుట లేదు.

మా బంధువొకరు నిష్ఠాపరులు. వంటయింటికి నీచువాసన సోకనీయరు. వరి గిట్టుబాటు కాక రెండెకరములు చెరువునకిచ్చిరి. "నేను చంపలేదు, తినలేదు, నాకు వచ్చునది కౌలు మాత్రమే" యందురు. కాని యిసుకపాలు హెచ్చైన నేలలో నిలిపిన ఉప్పునీరు ఊరక యుండదు. క్రిందికిని ప్రక్కకును ఊరి తీపినీటిలో కలియును. కొన్నియేండ్లకు ప్రక్కరైతు బావి ఉప్పనయ్యెను. ఉప్పునకోర్వని వరినారు ఆకుమాడి చచ్చెను. ఆ రైతు రొయ్యను పెంచలేదు, అమ్మలేదు, కౌలును తినలేదు.

1990 తరువాత టైగరు రొయ్యల చెరువులు మన తీరమున వెల్లువవలె పెరిగెను. 1994-95లో తెల్లమచ్చల తెగులు సోకి అనేకులు నష్టపోయిరి. పంటభూములను, ఉప్పుకొఠారులను, మడయడవులను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు వేరొక చట్టము చేసి, నమోదుతో సాగునకు వీలు కల్పించెను. 2009 నుండి వనామీ రొయ్య వచ్చినది. చట్టము వీలునిచ్చిన మాత్రమున ప్రక్కవాని బావి తీపెక్కునా?

ఆయ్దక్కి మారయ్య కథ మన పిల్లలకును తెలియును. ఒకనాడతడు అవసరమునకు మించి బియ్యమేరి తేగా, లక్కమ్మ వానిని తిరిగి పోసి రమ్మనెను. ఆ బియ్యము శుద్ధ శాకాహారమే గదా! ఆమె చూచినది పదార్థమును కాదు, అది యింటికి వచ్చిన త్రోవను. మనమో, పళ్లెమును మాత్రమే పరీక్షించుచున్నాము.

సముద్రమున వలవేసి నాలుగు చేపలు తెచ్చుకొను పట్టపువారిని చూచి ముక్కు మూసికొనువారు మనలో కలరు. వారి వలవలన ఏ బావి ఉప్పనైనది? పోనిండు, మన యన్నమైనను నిర్దోషమా? నీరు నిలిచిన వరిమడి బురదలో గాలి సోకక గడ్డిగాదము కుళ్లి మీథేను వాయువు పుట్టును. అది భూమి వేడిని పెంచును. మడిని నడుమనడుమ ఆరగట్టిన ఆ వాయువును నీటి ఖర్చును తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆరగట్టువారెందరు? నేనును మొన్నటిదాక గట్టు తెగునంతగా నీరు పెట్టినవాడనే.

మా బంధువు కౌలుగడువు ఈ వేసవిలో తీరును. "ఉప్పుపట్టిన నేలలో ఇక వరి పండునా? నేనేమి తిని బ్రతుకవలెను?" అని యడిగిరి. నాకు వెంటనే సమాధానము తోచలేదు. గడువు తీరకముందే ఆ ప్రక్కరైతును కూడ పిలిచి, ముగ్గురము కూర్చుందమంటిని.