పూదోటలో ప్రమాదము

తెలుగున "ప్రమాదము" అను మాటకు రెండర్థములు కలవు. లోకవ్యవహారమున అది అనుకొనకుండ వచ్చిపడిన ఆపద. జైనశాస్త్రమున అది ఏమరుపాటు, అనగా చూడవలసినది చూడక, తలపవలసినది తలపక చేయు పని. మొదటి యర్థమున మనుష్యుడు ఆపదకు గురియైనవాడు. రెండవ యర్థమున ఆపదకు కారణమైనవాడు. ఇంటి ముంగిట అందమునకై పెంచు మొక్కల విషయమున ఈ రెండర్థములును ఒక్కచోట కలియుచున్నవి. పెరటిలోని కాయను పసివాడు కొఱికి ఆసుపత్రి పాలైనచో, అది ఏ యర్థమున ప్రమాదము? తప్పు మొక్కదా, విధిదా, నాటినవానిదా?

పూవును మంగళమునకు గుర్తుగా నెంచుట జైనులకు క్రొత్త గాదు. తీర్థంకరుల అష్టప్రాతిహార్యములలో అశోకవృక్షమును, పుష్పవృష్టియు కలవు. పద్మప్రభస్వామి లాంఛనము ఎఱ్ఱకమలము, నమినాథస్వామిది నీలకమలము. వృషభనాథునికి మఱ్ఱిచెట్టు క్రిందను, మహావీరునికి సాలవృక్షము క్రిందను కేవలజ్ఞానము కలిగెను. కాని గుర్తు వేఱు, గుణము వేఱు. ఒక పూవు పూజకు పనికివచ్చినంతమాత్రమున దాని ఆకు, కాయ, వేరు నిరపాయకరములు కానక్కఱలేదు. ఈ భేదమును మఱచుటయే ఏమరుపాటునకు మొదటి మెట్టు.

గన్నేరును చూడుడు. తెలుగువారి గన్నేరు కర్ణాటకమున కణగిలె, తమిళనాట అరళి, మహారాష్ట్రమున కణ్హేర్, ఒడిశాలో కరబీర. ఎక్కడ స్థిరపడినను తెలుగు కుటుంబముల కిది ఇరుగుపొరుగు మొక్కయే. నీరు తక్కువైనను పూయును. పశువులు సాధారణముగా మేయవు. అందుచేతనే పెద్ద రహదారుల నడిమి గట్లపై దీనిని వరుసగా నాటుచున్నారు. పశువులు మేయకపోవుటకు కారణము దాని చేదు. ఆ చేదుతోపాటు ఆకు మొదలు వేరు వఱకు గుండె నడకను చెఱచు విషము కలదు. ఆకు ఎండినను విషము పోదు. ఎండుటాకు గడ్డిలో కలిసినపుడు పశువు గుర్తింపలేక తినును. గంటలవంటి పసుపుపూలు పూయు పచ్చగన్నేరు వేఱొక జాతి. అమెరికా ఖండమునుండి వచ్చినది. దాని గింజయు ప్రాణాపాయకరమే. 2024 ఏప్రిల్ నెలాఖరున కేరళలో ఒక యువతి మరణింపగా, ఆమె అరళి ఆకును నమలుటయే కారణమని అనుమానము కలిగెను. ఆ మే నెలలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు తన ఆలయములలో నైవేద్యమునందును ప్రసాదమునందును అరళిపూవును వాడరాదని నిర్ణయించెను. చిరకాలముగా ఆలయములకు వచ్చిన పూవే యైనను, అపాయము తెలిసిన పిమ్మట పద్ధతి మార్చుకొనుటకు వారు వెనుదీయలేదు.

వర్తక కుటుంబములకు గన్నేరుకంటె దగ్గఱిది గురివింద. కంచెలపై ప్రాకు ఈ తీగ గింజ ఎఱ్ఱని మేనిపై నల్లని మచ్చతో ముచ్చటగా నుండును. గింజలు ఇంచుమించు ఒకే బరువుండుటచే బంగారు తూకమునకు పూర్వము దీనినే వాడిరి. రత్తి యనగా ఈ గింజ యెత్తే, నేటి లెక్కలో సుమారు 0.12 గ్రాము. ఈ గింజలను దండలుగా గ్రుచ్చుదురు, బొమ్మలకు కన్నులుగా అతుకుదురు. గట్టి పెంకు లోపలి విషమును కప్పియుంచును. నమిలినను, పగిలినను ఆ విషము ప్రాణాంతకము. దండకై చిల్లుపెట్టిన గింజకు పెంకు రక్షణ లేనేలేదు. ఒకే గింజ త్రాసులో న్యాయమునకు ఆధారము, పసివాని నోట మృత్యువు. గింజలో భేదము లేదు. ఉంచిన చోటు వేఱు, ఉంచినవాని మెలకువ వేఱు.

అట్లైన మొక్క దోషి యగునా? ఆహార, భయ, మైథున, పరిగ్రహములను నాలుగు సంజ్ఞలు ఏకేంద్రియ జీవులకును కలవని శాస్త్రము. పారిపోలేని జీవికి చేదును, విషమును రక్షణలు. ఒకరిని చంపవలెనను సంకల్పము దానికి లేదు. ఎవనికి ఎఱుకయు, ఎంచుకొను శక్తియు కలవో, బాధ్యత వానిదే.

ఇచట రెండు పక్షములు కలవు. విషపుమొక్కల నన్నిటిని పెఱికివేయవలెననునది మొదటి పక్షము. పంచేంద్రియ జీవిని కాపాడుటకు ఏకేంద్రియమును తొలగించుట తక్కువ హింస గదా యని వారి వాదము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. కాని మొక్కను పెఱికినపుడు దాని మొదట నున్న చీమయు, పురుగును, నేలలోని జీవములును నశించును; పెఱికిన కొమ్మలను వీధిలో పాఱవేసినచో అవియే ఆవు నోటికి చేరును. ఎవని కర్మము వానిది, తిన్నవానిదే తప్పు అనునది రెండవ పక్షము. ఇది సోమరితనమునకు కర్మయని పేరుపెట్టుటయే. పూర్వకర్మఫలమును అనుభవించువాడు పిల్లవాడే కావచ్చును. ఏమరుపాటువలన క్రొత్త కర్మను కట్టుకొనువాడు గృహస్థుడు.

శ్రావకుని మూడు గుణవ్రతములలో అనర్థదండవిరతి యొకటి. అనగా ప్రయోజనము లేని హింసను మానుట. సమంతభద్రాచార్యుని రత్నకరండ శ్రావకాచారము అనర్థదండమును ఐదు విధములుగా చెప్పినది. వానిలో రెండు పూదోటకు నేరుగా అన్వయించును. హింసకు సాధనమగు వస్తువును ఇతరుల కిచ్చుట హింసాదానము. అక్కఱలేక నేలను త్రవ్వుట, మొక్కలను త్రుంచుట మున్నగునవి ప్రమాదచర్య. పచ్చగన్నేరు కొమ్మను పొరుగింటి కిచ్చుచు దాని గుణము చెప్పకుండుట మొదటిదానికి చేరును. విచారింపక నాటి, విసుగుపుట్టి నఱకి, మరల మఱియొకటి నాటుట రెండవదానికి చేరును. శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో విషవాణిజ్యము కలదని వర్తకు లెఱుగుదురు. వెలకు అమ్మకూడనిదానిని గుణము దాచి ఉచితముగా పంచుట ఎట్లు తగును?

ఏమరుపాటు పెరటిగోడ దాటి పోవుటయు కలదు. లాంటానాను 1809 ప్రాంతమున కలకత్తా వృక్షోద్యానమునకు అలంకారమునకై తెచ్చిరి. నేడది దేశమందలి అడవులను పెద్దయెత్తున ఆక్రమించియున్నది. దానిని మేసిన పశువులకు కాలేయము చెడి, ఎండ తగిలిన చర్మము పుండ్లుపడును. తెచ్చినవారు కోరినది రంగురంగుల పూగుత్తి మాత్రమే.

గృహస్థుడు చేయవలసినది కష్టమైనది కాదు. నాటుటకు ముందే మొక్క గుణము అడిగి తెలిసికొనవలెను. పిల్లలున్న యింటికి మల్లె, మందారము, గులాబి, కనకాంబరము చాలును. ఉన్న గన్నేరును పిల్లలకు, పశువులకు అందకుండ కంచెకట్టి ఉంచవచ్చును. కత్తిరించిన కొమ్మలను గడ్డిలో కలుపరాదు, పొయ్యిలో పెట్టరాదు. కాపాడుటకు వీలులేని యింట తొలగించుటయే తప్పనిసరియైనచో, మరల అట్టిది నాటనను నిశ్చయముతో తొలగింపవలెను. మేడలలో కుండీలయందు పెంచు డిఫెన్‌బాకియా ఆకును కొఱికినచో నోరు, నాలుక వాచును. దానిని చేతికందని యెత్తున నుంచవలెను. పిల్లలకు మొక్క పేరు నేర్పునపుడే దాని గుణమును కూడ నేర్పవలెను. ఎవరైన తిన్నట్లు అనుమానము కలిగినచో, వాంతి చేయించు ప్రయత్నములతో కాలము గడపక, ఆ మొక్క ముక్కను వెంట తీసికొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

గురివింద తన నలుపు తానెఱుగదని సామెత. గింజ ఎఱుగకపోయినను దానితో తూచినవాడు ఎఱిగియుండవలెను. త్రాసు ముల్లు వెంట్రుకవాసి యొరిగినను గమనించు వర్తకుని కన్ను, తన ముంగిటి మొక్కను ఒకమారు అట్లే పరికించినచో చాలును. ఆ పిమ్మటను ఆపద యను ప్రమాదము ఎన్నడైన రావచ్చును. ఏమరుపాటను ప్రమాదము మాత్రము ఆ యింట నుండదు.