కుమారుడు చూచుచున్న నాటకము



ఈ నెల మనము ఆలోచింపబోవు సంగతి కొందరికి ఇబ్బందిగా తోచవచ్చును. సంఘ పత్రికలో ఇట్టి మాటలేల యని కొందరు అడుగవచ్చును. అయితే మన యిండ్లలో జరుగుచున్నదానిని గూర్చి సంఘములో మాటలాడకపోయినయెడల మరెక్కడ మాటలాడుదుము? ఆర్మూరు చుట్టుపట్ల పల్లెలలో నేడు ఫోను లేని యిల్లు అరుదు. పసుపు ఆరబోసిన కళ్లముల వద్ద కావలి పండుకొన్నవారు, నిజామాబాదు బస్సులో కూర్చున్నవారు, ఇంటిలో దుప్పటి ముసుగులో నున్నవారు ఫోనులో నాటకములు చూచుచునే యున్నారు. అందులో ఒక విధమైనవి ఇద్దరు యువకుల మధ్య కలుగు ప్రేమను గూర్చినవి. తన కుమారుడు అట్టి నాటకమును మరల మరల చూచుచున్నాడని ఒక తండ్రికి తెలిసినదనుకొందము. ఆ తండ్రి ఏమి చేయవలెను? ఇదియే మన ప్రశ్న.

తెలియనిదానికి తీర్పు తీర్చుట న్యాయము కాదు గనుక, ఆ నాటకములు ఎట్టివో మొదట తెలిసికొందము. ఫిలిప్పీన్సు దేశములో అధికభాగము ప్రజలు క్రైస్తవులే. ఆ దేశమున 2020 మే నెలలో 'గేమ్‌బాయ్స్' అను ధారావాహిక యూట్యూబులో వెలువడెను. కరోనా వలన జనులు ఇల్లు విడిచి కదలరాని కాలమది. నటులు ఎవరి యింటనుండి వారే నటించిరి. పెద్ద సెట్టులు లేవు, పాటలకు విదేశ ప్రయాణములు లేవు. కథ దాదాపుగా ఫోను తెరమీదను కంప్యూటరు తెరమీదను నడచును. కైరో అను పిల్లవాడు కంప్యూటరు ఆటలలో నేర్పరి. గావ్రీల్ అను మరియొక యువకుడు ఆటలో అతని నోడించి, పిమ్మట అతనిని ప్రేమించుచున్నానని చెప్పును. ఇంతలో కైరో తండ్రి కరోనాతో ఆసుపత్రిలో నున్నాడు. చూడబోవుటకు వీలులేదు. ఈ ఆపద తన మూలముననే వచ్చెనని కుమారుని మనస్సు అతనిని గద్దించుచుండును. మన దేశమున సయితము 2017లో 'రోమిల్ అండ్ జుగల్' అను హిందీ ధారావాహిక వచ్చెను. అందు ఒకడు పంజాబీ యింటి కుమారుడు, మరియొకడు తమిళ కుటుంబమువాడు.

ఇట్టివాటిలో అన్నియు మంచివి కావు. కొన్ని కేవలము శరీరాశను రేపుటకే తీయబడినవి, అవి ఎవరిని గూర్చినవైనను విడువదగినవే. అయితే తక్కువ ఖర్చుతో తీయబడిన ఇట్టి కథలలో పలుమారు కనబడునది ఒక్కటే సంగతి: ఈ మాట ఇంటిలో చెప్పవచ్చునా, చెప్పకూడదా? అమ్మ ఏమనును? నాయన ఇంట ఉండనిచ్చునా? మన యింటి పిల్లవాడు ఆ నాటకమును మరల మరల చూచుచున్నాడంటే, బహుశః ఆ ప్రశ్నకే జవాబు వెదకుచున్నాడు. ఆ జవాబు ఇయ్యవలసినవారు ప్రక్క గదిలోనే యున్నారు.

"ఈ నాటకములే పిల్లలను చెరుపుతున్నయ్" అని కొందరందురు. కొంచెము ఆలోచించుడి. మొదటి తెలుగు మాటలాడు చిత్రము 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినది మొదలుకొని తొంబది యేండ్లకు పైగా మన వెండితెర పడుచువానికిని పడుచుదానికిని గల ప్రేమకథలనే చూపుచు వచ్చినది. పురుషుని యందే ప్రేమ కలుగు యువకులును ఆ చిత్రములనే చూచి, ఆ పాటలనే పాడి పెరిగిరి. అన్ని చిత్రములు వారి మనస్సును త్రిప్పలేకపోగా, రెండు గంటల ఫోను నాటకము తక్కినవారి మనస్సును త్రిప్పునా? నాటకము ఆకర్షణను పుట్టించదు. ఉన్నదానికి పేరు పెట్టును, అంతే. ఈ లోకములో నేనొక్కడనే ఇట్లున్నానేమో అని కుములుచున్నవానికి, నీవొక్కడవే కాదని చెప్పును.

ఇది రోగమా యని అడుగువారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీనిని రోగముల పట్టికనుండి తీసివేసెను. మన దేశపు మానసిక వైద్యుల సంఘమును ఇది రోగము కాదని 2018లో ప్రకటించెను. దీనిని మార్చెదమని చికిత్స చేయుట వైద్యవృత్తికి తగని నడత యని 2022లో జాతీయ వైద్య కమిషను తెలిపెను. కాబట్టి కుమారుని మంత్రగానియొద్దకు గాని, కరెంటు పెట్టి బాగుచేసెదనను వైద్యునియొద్దకు గాని తీసికొనిపోవుట బిడ్డను హింసించుటయే.

చట్టము మాటయు తెలిసికొనుడి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ప్రకారము ఇట్టివారు నేరస్థులుగా ఎంచబడుచుండిరి. పెద్దవారిలో పరస్పర సమ్మతితో నుండు సంబంధము నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు. హైదరాబాదులో నివసించు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు 2021 డిసెంబరులో బంధుమిత్రుల యెదుట వేడుక చేసికొని, తమ వివాహమునకు చట్టపు గుర్తింపు కావలెనని సుప్రీంకోర్టుకు వెళ్లిరి. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ గుర్తింపు ఇయ్యలేదు. అది చట్టసభలు తేల్చవలసిన సంగతి యనెను. కాబట్టి నేడు మన దేశమున ఇట్టివాడు నేరస్థుడు కాడు. అయితే అతని జోడుకు చట్టములో వివాహమను పేరు లేదు.

లేఖనము మాటయేమి? లేవీయకాండములోను, రోమీయులకు వ్రాసిన పత్రికలోను ఉన్న మాటలను చూపి ఇది పాపమని చెప్పు విశ్వాసులు అనేకులు. అవే మాటలు ఆ కాలపు విగ్రహారాధనను, బలాత్కారమును గూర్చినవని చెప్పు విశ్వాసులును కలరు. లోకమందలి సంఘములు ఏకమనస్సుతో లేవు. పూర్వము మన ప్రాంతమునకు మిషనరీలను పంపిన బ్రిటను మెథడిస్టు సంఘము 2021 జూన్ 30న ఇట్టి వివాహములను జరుపుటకు అనుమతించెను. మన దేశపు సంఘములలో అధికభాగము అంగీకరించుట లేదు. ఆ వాదము ఈ రెండు పుటలలో తేలునది కాదు. అయితే ఏ పక్షమువారైనను తప్పించుకొనలేని ఆజ్ఞ ఒకటి యున్నది: పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకరాదు. మన యిండ్లు తప్పిపోవుచున్నది ఈ ఆజ్ఞ విషయములోనే.

ఎట్లనగా, కుమారుని సంగతి తెలిసినప్పుడు తల్లిదండ్రులకు మొదట తోచు మాట, "పెండ్లి జేస్తే అన్నీ సర్దుకుంటయ్" అనునది. వెంటనే సంబంధము చూతురు. ఆర్మూరు, అంకాపూరు, బాల్కొండ, ఎక్కడిదో ఒక అమాయకురాలు దొరకును. ఆ పిల్లకు గాని, ఆమె తండ్రికి గాని ఈ సంగతి చెప్పరు. నలుగు పెట్టుదురు, పందిరి వేయుదురు, దేవుని యెదుట ప్రమాణము చేయింతురు. కొద్ది నెలలకు కుమారుడు దుబాయికో సౌదీకో వెళ్లును. మన జిల్లానుండి గల్ఫునకు పోవుట వింత కాదు గనుక ఎవరును అనుమానింపరు. ఆ దేశములలో ఇట్టి సంబంధమునకు కఠిన శిక్షలున్నవి. అచ్చట అతడు భయముతోనే బ్రదుకవలెను. ఇచ్చట ఆమె అత్తమామలకు వండి పెట్టుచు, తన భర్త తనతో ఏల మాటలాడడో తెలియక, లోపము తనలోనే యున్నదనుకొని ఏడ్చుచుండును. పిల్లలు ఏల కలుగలేదని ఊరివారు అడుగునది ఆమెనే గదా.

లేయాను జ్ఞాపకము చేసికొనుడి. లాబాను యాకోబును మోసగించెనని మనము తరచుగా చెప్పుకొందుము. కాని ఆ మోసమునకు జీవితమంతయు వెల చెల్లించినది లేయా. పెనిమిటి మనస్సు తనమీద లేదని ఆమెకు తెలియును. బిడ్డ పుట్టినప్పుడెల్ల ఇప్పుడైనను ఆయన నన్ను ప్రేమించునని ఆశపడినది. ఆమె తన కుమారులకు పెట్టిన పేర్లు చదివినవారికి ఆ దుఃఖము తెలియును. తండ్రి తన పని గడుపుకొనుటకు కుమార్తెను చీకటిలో అప్పగించెను. మనము మన పరువు గడుపుకొనుటకు పరుల కుమార్తెను అట్లే చీకటిలోనికి తెచ్చుకొనవచ్చునా?

పసుపు పండించువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కొమ్మును ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టి యార్డుకు తెత్తుము. కొనువాడు పై మెరుగు చూచి ధర చెప్పడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూచును. లోపల ఒకటి, పైన ఒకటియైన సరకును అంటగట్టినవానిని బజారు మన్నింపదు. పసుపు కొమ్ములో మోసము కూడదన్నవారము, ఆ పసుపుతోనే జరుగు పెండ్లిలో మోసమును ఎట్లు ఒప్పుకొందుము?

పెండ్లి వలదందురా, మరి యేమి చేయుదుమని తండ్రి అడుగును. దావీదును చూడుడి. అబ్షాలోము హత్య చేసి పారిపోయి, మరల యెరూషలేమునకు రప్పింపబడెను. కాని రెండు సంవత్సరములు తండ్రి అతని ముఖము చూడలేదు. ఊరు ఒకటే, రక్తము ఒకటే, ముఖదర్శనము లేదు. ఆ రెండేండ్ల మౌనములో ఆ యింటి చీలిక పెద్దదాయెను. తరువాత యుద్ధరంగమునుండి దూత వచ్చినప్పుడు రాజు జయమును గూర్చి అడుగలేదు. ఆ చిన్నవాడు క్షేమమేనా యని మాత్రమే అడిగెను. అప్పటికి కాలము మించిపోయినది. అబ్షాలోము చేతులమీద రక్తమున్నది. మన పిల్లవాడు ఎవరిని చంపలేదు, ఎవరి సొమ్మును దొంగిలలేదు. అయినను అనేక యిండ్లలో ఒకే వంట తినుచు, ఒకే కప్పు క్రింద పండుకొనుచు, తండ్రి కుమారుని ముఖము చూడడు. చివర అడుగబోవు ప్రశ్నను మొదటనే అడుగుట మేలు కాదా? "కొడుకా, మంచిగున్నవా?" ఈ ఒక్క మాటకు వేదపండితుడు కానక్కరలేదు.

ఆ తరువాత ఫిలిప్పు చేసినట్లు చేయవచ్చును. ఎడారి మార్గమున ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో కూర్చుండి చదువుకొనుచున్నాడు. పూర్వపు ధర్మశాస్త్రము అట్టివానిని సమాజములోనికి రానియ్యలేదు. ఫిలిప్పు పుస్తకము లాగికొనలేదు, గద్దింపలేదు. దగ్గరకు పరుగెత్తి, చదువునది నీకు బోధపడుచున్నదా యని అడిగి, పిలిచినప్పుడు ఎక్కి ప్రక్కన కూర్చుండెను. తండ్రియు ఫోను లాగికొని నేలకు కొట్టవలదు. "ఏం జూస్తున్నవ్ రా, కథ ఏంది?" అని ప్రక్కన కూర్చుండవచ్చును.

ప్రక్కన కూర్చుండినవానికే ఆ నాటకములలోని కొరతను చెప్పు అధికారము కలుగును. కొరత ఉన్నది. అందులో అందరును పడుచువారు, అందగాండ్రు. అప్పు లేదు, మోకాళ్ల నొప్పి లేదు, మంచమునబడిన తల్లి లేదు. ఇరువది యేండ్లు మాట నిలుపుకొనుట యెట్లో అవి నేర్పవు. నమ్మకము, కష్టము, దేహమును గౌరవించుట, ఒకరిని వాడుకొని విడువకుండుట, ఇవి పెద్దలు నేర్పవలసినవి. తలుపు మూసినవాని మాట పిల్లవాడు వినడు. అప్పుడు ఫోనే అతనికి ఉపాధ్యాయుడగును.

సంఘపు వంతును కలదు. 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ అను మిషనరీ తల్లి మన జిల్లాలోనే డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రిని ఆరంభించిరి. అప్పుడు కుటుంబములే ఆ రోగులను వెలుపలికి త్రోసివేయుచుండెను. నా పోలిక రోగమును గూర్చి కాదు. మన యువకులకు రోగము లేదు. పోలిక త్రోసివేతను గూర్చియే. ఇల్లు త్రోసినవానికి సంఘము చోటిచ్చిన చరిత్ర మనకున్నది. కాబట్టి కాపరులును పెద్దలును ప్రసంగములో ఇట్టివారిని ఎగతాళి చేయవలదు. ఆ నవ్వు వెనుక బల్లమీద కూర్చున్న ఒకని గుండెలో గ్రుచ్చుకొనును. ఎవడైనను నమ్మి తన సంగతి చెప్పినయెడల దానిని ఊరిలో చాటవలదు. సంబంధము కుదుర్చువారు ఇరువురి మనస్సును వేరువేరుగా అడుగక పెండ్లి ప్రకటన చేయవలదు. బ్రదుకుట వద్దనిపించుచున్నదని పిల్లవాడు అనినయెడల అది బెదిరింపని తేలికగా తీసికొనక, ఒంటరిగా విడువక, 14416 అను ప్రభుత్వపు నంబరుకు ఫోను చేయుడి. టెలి మానస్ అను ఆ సహాయము ఉచితము, తెలుగులోనే మాటలాడవచ్చును.

పత్రిక చదివి మడిచిపెట్టిన పిమ్మట, ప్రియులారా, ఈ రాత్రి అన్నము వేళ మీ కుమారుని ముఖమును ఒక్కసారి నిదానముగా చూడుడి. ఏమియు అడుగుటకు తోచకపోయినయెడల, మరికొంచెము అన్నము పెట్టి దగ్గర కూర్చుండుడి. తక్కిన మాటలు అక్కడనుండి మొదలగునట్లు ప్రభువు మనకందరికిని సహాయము చేయును గాక. ఆమెన్.