అసలు కదలని అప్పు



పోయిన తపస్సుకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం సిలువమార్గం ముగిసింది. అందరూ వెళ్లిపోయినా ఒక తల్లి మాత్రం గుడి మెట్ల మీదే కూర్చుండిపోయింది. కోరుట్ల వైపు పల్లెలో బీడీలు చుట్టి బ్రతికే మనిషి. భర్త రెండేళ్లు దుబాయిలో ఉండి వచ్చి, ఇప్పుడు ఊళ్లోనే సుతారి పనికి పోతున్నాడు. కూతురు ఇంటర్మీడియట్ చదువుతున్నది. "ఫాదర్, పిల్లను చదువు మాన్పించి బీడీలకు కూసోబెట్టాలనుకుంటున్నం. అది ఏడుస్తున్నది. మీరొక్క మాట చెప్తే ఇంటది" అన్నది.

చదువు మానమని చెప్పడానికి నన్ను పిలిచిందన్నమాట! కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆమె ముఖం చూశాక కోపం నిలువలేదు. ఎందుకమ్మా అని అడిగితే మెల్లగా సంగతి బయటపడింది. నాలుగేళ్ల క్రితం అత్తగారి దవాఖాన ఖర్చులకు, ఆ తరువాత సమాధి ఖర్చులకు ఇరవై వేలు తెచ్చారు. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 600 రూపాయలు. ఒక్క నెల కూడా తప్పలేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల ఎత్తి చెప్పింది.

పూజా ప్రకటనల కాగితం వెనుక ఇద్దరం కలిసి లెక్క వేశాము. నెలకు 600 చొప్పున 48 నెలలు. మొత్తం 28,800 రూపాయలు. ఆమె నమ్మలేదు. మళ్లీ వేయమన్నది. మళ్లీ వేశాను. "మరి అసలు ఎంత తగ్గిందమ్మా?" అని అడిగాను. "అసలు అట్లనే ఉన్నది ఫాదర్. ఇరవై వేలు. అసలు ఇస్తేనే కదా తెగేది" అన్నది. తెచ్చిన దానికంటే ఎక్కువే కట్టింది. అయినా అప్పు పుట్టిన రోజున ఎంత ఉందో ఈ రోజూ అంతే ఉంది. దాన్ని తెంపడానికి ఇప్పుడు పదిహేడేళ్ల పిల్ల చేటముందు కూర్చోవాలి.

ఆ రాత్రి నాకు నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. ఆ అధ్యాయాన్ని మనం గుడిలో ఎక్కువగా వినము. ఆదివార పఠనాలలో రాదు. దయచేసి ఇంట్లో ఒకసారి తీసి చదవండి. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో యెరూషలేము గోడలు తిరిగి కడుతున్న రోజులవి. పనిలో ఉన్న జనం, వారి భార్యలు వచ్చి నెహెమ్యా ముందు మొర పెట్టుకున్నారు. కరువులో తిండిగింజల కోసం కొందరు పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పెట్టారు. కొందరు రాజుగారి పన్ను కట్టడానికి అప్పు తెచ్చారు. చివరకు వారి బిడ్డలు దాస్యానికి పోవలసి వచ్చింది. అప్పటికే కొందరి కూతుళ్లు పోయారు కూడా. తెచ్చినది ఎవరి దగ్గర? పరాయివారి దగ్గర కాదు. తమ సొంత జనం దగ్గరే.

నెహెమ్యాకు మండిపోయింది. పెద్దలను పిలిచి నలుగురిలో నిలదీశాడు. వారికి జవాబు దొరకలేదు. ఇక్కడ ఆయన చేసిన పని గమనించండి. తానూ, తన సోదరులూ, తన సేవకులూ కూడా అప్పు ఇచ్చినవాళ్లమేనని ముందు ఒప్పుకున్నాడు. ఆ తరువాతనే పొలాలు, తోటలు, ఇండ్లు తిరిగి ఇచ్చేయమన్నాడు. వాటితోపాటు రాబట్టుకున్న నూటికొక వంతు కూడా ఇచ్చేయమన్నాడు. ఇది నెలకు నూటికి ఒకటి చొప్పున పడిన మిత్తి అని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆనాటి ఘోరం మన ఊరి భాషలో నూటికి రూపాయి! మన దగ్గర నూటికి రెండు అంటే ధర్మాత్ముడు, మూడు అంటే మామూలు, ఐదు అంటే అవసరం మీది కదా అంటారు. మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి 36. ఆ మాటను ఏడాది లెక్కలో ఎవరూ చెప్పరు. చెబితే తీసుకునేవాడు ఉలిక్కిపడతాడు.

నెహెమ్యాలాగే ముందు మన ఇంటి మాట అనుకుందాం. పూజలో ముందు వరుసలో కూర్చుని, వెనుక వరుసలోని వారికి మూడు రూపాయలకు ఇచ్చేవారు మనలో లేరా? ఉద్యోగం ఉన్నవారు, గల్ఫు పైసలు వచ్చినవారు, గనిలో పింఛను పుచ్చుకున్నవారు ఉన్నారు. "నేను ఇవ్వకపోతే సేటు దగ్గర ఐదుకు తెస్తాడు ఫాదర్, నేను మేలే చేస్తున్న" అని నాతో అన్నవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం తిరుగలి రాయిని కుదువ పెట్టుకోరాదంటుంది. అది పోతే ఆ ఇంట్లో పిండి ఉండదు, రొట్టె ఉండదు. ఈ రోజు తిరుగలి రాయి ఏది? గని కార్మికుని ఏటీఎం కార్డు, బీడీ కార్మికురాలి పాస్‌బుక్కు, కుట్టుమిషను. వీటిని గిర్వి పెట్టుకుని పెట్టెలో దాచుకున్నవారు ఈ వారం పాపసంకీర్తనానికి వచ్చే ముందు ఆ పెట్టె ఒకసారి తెరవండి.

ఇక అప్పు తెచ్చేవారితో కూడా ఒక మాట. నన్ను తప్పు పట్టుకోకండి. మిత్తికి ఇచ్చేవాని పాపం ఒకటైతే, లెక్క చూసుకోని మన అలవాటు మరొకటి. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకుంటాడని లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పారు. శిష్యరికం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఆయన ఆ పోలిక తెచ్చారు, నిజమే. కాని లెక్క వేయనివాడు నవ్వులపాలవుతాడన్నది ఆయన శ్రోతలందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఆ పోలిక పనికివచ్చింది. మన ఇండ్లలో పెండ్లికి కార్డు అచ్చయ్యాక లెక్క మొదలవుతుంది. కొత్త పూజకు, గృహప్రవేశానికి, సమాధి నాటి భోజనాలకు కూడా అంతే. సచ్చినవారి ఆత్మకు కావలసింది ప్రార్థన, దివ్యబలిపూజ. నాలుగు వందల మందికి మటన్ కాదు. ఈ మాట అన్నందుకు ఒకరిద్దరు నా మీద అలిగారు. అలిగినా మళ్లీ అంటాను.

చిన్నప్పుడు మా ఇంట్లో గల్లగురిగి ఉండేది. కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి గురిగి, పైన పైసా పట్టేంత సందు. దాని గొప్పతనం ఏమిటంటే, పగులగొడితే తప్ప తీయలేము. ఇప్పుడు పైసలు ఫోనులో ఉన్నాయి. ఒక్క వేలితో పోతాయి. గురిగికి ఉన్న గుణం ఫోనుకు లేదు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్టుకు ఆ గుణం కొంత ఉంది. నెలకు 100 రూపాయలతో మొదలు పెట్టవచ్చు. చాలామంది మిగిలితే వేద్దామనుకుంటారు. మిగలదు. మా అమ్మ అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. వండిన తరువాత మిగిలితే తీద్దామనుకోలేదు. మన విచారణలలో పేదల కోసం పట్టే పిడికెడు బియ్యం ఉన్నది చూశారా, పొదుపు సూత్రమంతా దానిలోనే ఉంది. కూలి చేతికి వచ్చిన రోజే పిడికెడు పక్కకు.

చాయ్‌కి, గుట్కాకు, సిగరెట్‌కు రోజుకు 30 రూపాయలు పోతే ఏడాదికి 10,950. కల్లు, మందు లెక్క నేను వేయను. ఆ లెక్క ఇంటి ఆడవారికి నాకంటే బాగా తెలుసు.

సింగరేణి బిడ్డల సంగతి వేరు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో జీతం మంచిదే. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ వస్తాయి. అయినా అప్పులేని ఇల్లు వెతకవలసి వస్తున్నది. కారణం ఏమంటే, ఆ పైసలు రాకముందే ఖర్చయి ఉంటాయి. ఐగుప్తులో యోసేపు ఏడు పంటల ఏండ్లలో అయిదవ వంతు ధాన్యం గిడ్డంగులకు చేర్చాడు. పండినప్పుడు దాచాడు గనుకనే ఎండినప్పుడు దేశం బ్రతికింది. లాభాల వాటాలో అయిదవ వంతు చాలు. మిగిలిన నాలుగు వంతులతో పండుగ చేసుకోండి, నేను అడ్డురాను.

దుబాయి, మస్కట్ పోయే తమ్ముళ్లకు ఒక్కటే చెబుతాను. వీసాకు తెచ్చిన అప్పుకు మిత్తి ఎంత, అక్కడి జీతంతో అసలు ఎన్ని నెలలకు తెగుతుంది అన్నది విమానం ఎక్కకముందే కాగితం మీద రాసి భార్య చేతికి ఇవ్వండి. ప్రవాసీ భారతీయ బీమాను 2017లో సవరించారు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియానికి, ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రక్షణ ఉంటుంది. ఆ కాగితం కూడా ఇంట్లోనే ఉంచి పోండి. ఫోనులో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి ఎవరూ పోవద్దు. 2020లో ఆ వేధింపులకు మన తెలంగాణలోనే ప్రాణాలు తీసుకున్నవారున్నారు.

అయితే ఒక్కడే దాచుకుంటే ఎంతవరకు? దానికి మన జిల్లాయే జవాబు చెప్పింది. ఈనాటి హనుమకొండ జిల్లాలో ఉన్న ముల్కనూరు అప్పుడు కరీంనగర్ జిల్లా గ్రామం. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల 14 గ్రామాల రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు స్థాపించారు. మెట్ట ప్రాంతం, సావుకార్ల చేతిలో ఉన్న రైతులు. ఆ సంఘం ఒక్క అప్పు ఇచ్చి ఊరుకోలేదు. విత్తనం, ఎరువు తానే ఇచ్చింది, పంటను తానే కొన్నది. అప్పు పంట పైసలలోంచి తెగిపోతుంది, మిగిలింది రైతు చేతికి వస్తుంది. దళారికి మధ్యలో చోటు లేదు. అదే ముల్కనూరులో 2000లో మహిళలు తమ పాల డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి అని దానికి పేరు. అంతకుముందే, 1990 తరువాత, వరంగల్, కరీంనగర్ పల్లెలలో ఆడవారు నెలకు పది రూపాయల చొప్పున పొదుపు సంఘాలు నడిపారు. పది రూపాయలు! ఆ నిలకడ మీదనే తరువాత డెయిరీ నిలిచింది.

తిరుసభ చరిత్రలోనూ ఇది కొత్త కాదు. 15వ శతాబ్దంలో ఇటలీలో ఫ్రాన్సిస్ సభ గురువులు పేదలకు తక్కువ మిత్తికి కుదువ సొమ్ము ఇచ్చే నిధులను నెలకొల్పారు. 1462లో పెరూజియా నగరంలో ఒకటి వెలిసింది. మిత్తి అసలే ఉండరాదని ఆనాడు పెద్ద వాదం లేచింది. నిధి నడిపే ఖర్చు మేరకు తీసుకోవచ్చునని 1515లో లాటరన్ మహాసభ ఒప్పుకున్నది. నెహెమ్యా తిరిగి ఇమ్మన్న ఆ నూటికొకటికీ, మహిళా సంఘం తీసుకునే నూటికి రూపాయికీ తేడా ఎక్కడ అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. సంఘంలో ఆ రూపాయి సేటు ఇంటికి పోదు. పొదుపు చేసిన ఆ ఆడవారి నిధిలోకే తిరిగి చేరుతుంది.

ఇప్పుడు ఆ తల్లి సంగతి. పిల్లకు చదువు మానమని నేను చెప్పలేదు. మరుసటి వారం ఆమె సంఘం లీడరును, ఆమెను కలిపి కూర్చోబెట్టాను. ఆమెకు పొదుపు ఉన్నది, కాని అడగడానికి సిగ్గుపడి ఎప్పుడూ అప్పు అడగలేదట. సేటు దగ్గర లేని సిగ్గు తోటి ఆడవారి దగ్గర ఎందుకో! నూటికి రూపాయి చొప్పున 20,000 వచ్చింది. అదే రోజు సేటు అసలు తెగిపోయింది, నోటు చించి తెచ్చుకున్నది. కొత్తగా ఆమె ఒక్క పైసా ఎక్కువ కట్టడం లేదు. అదే 600. కాని మొదటి నెల అందులో 200 మిత్తికి పోగా 400 అసలులో తగ్గింది. రెండవ నెల మిత్తి 196, అసలులో 404 తగ్గింది. ఇలాగే పోతే 41వ నెలలో, అంటే మూడున్నరేళ్లలోపే అప్పు ఉండదు.

ఆరు నెలలు గడిచాయి. పోయిన ఆదివారం పూజ తరువాత ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. చివరి గీత కింద 17,539 అని ఉంది. ఒక రూపాయి ఎక్కడో తప్పిందేమోనని నేను మొదటినుండి లెక్క చూశాను. సరిగ్గానే ఉంది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. "ఎవరు రాసిండ్రమ్మా?" అని అడిగితే, వెనుక నిలబడ్డ పిల్ల నవ్వి తల దించుకున్నది.