చైను ఎంత బిగించాలి?

మొదటిసారి నేను బిగించిన చైనుకి ఎక్కడా వంపు లేదు. షెడ్డులో సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, ముందు చక్రాన్ని బోల్టుతో జరుపుతూ జరుపుతూ, పైభాగం గీత గీసినట్టు తిన్నగా వచ్చేదాకా వదల్లేదు. వెల్డింగు మేస్త్రీ వచ్చి చేత్తో తట్టి, "ఇదేంటి బాబూ, మద్దెల్లా ఉంది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

బండి అవసరం ఎందుకొచ్చిందంటే, కృష్ణా డెల్టాలో మా బాబాయి పొలం రోడ్డుకి దూరం. కోతల రోజుల్లో తుఫాను పడితే చైను మిషను దిగి కోస్తుంది, గట్టు మీద పట్టా పరిస్తే ధాన్యం పోసి గంటల లెక్కన డబ్బు తీసుకుని వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి రోడ్డుదాకా రేగడి డొంక. ట్రాక్టరు దిగబడుతుంది. 75 కిలోల బస్తాలు మనుషుల వీపుల మీద వెళ్ళాలి. పాత పవర్ టిల్లర్ ఇంజను ఒకటి మూలన పడి ఉంది కదా, దానికి చైన్లు కట్టి నాలుగు బస్తాలు మోసే బండి చేద్దామన్నది నా ఆలోచన. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాడికి ఇలాంటి పాపపరిహారాలు అప్పుడప్పుడూ అవసరం.

కాగితం మీద లెక్క బాగానే వచ్చింది. బండి 500 కిలోలు, బరువు 300. ఒక్కో చైను 25 సెంటీమీటర్ల వెడల్పు, నేలకి ఆనేది 120 సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి సుమారు 130 గ్రాములు. నిలబడ్డ మనిషి పాదాల కింద పడే ఒత్తిడి కంటే ఎక్కువేమీ కాదు. పాత కన్వేయర్ బెల్టు ముక్కలకి అడ్డంగా యాంగిల్ ఇనుము బోల్టులు వేసి చైను చేశాం. వెనక పళ్ళ చక్రం, ముందు ఐడ్లర్, మధ్యలో నాలుగు చిన్న చక్రాలు. రెండేసి చక్రాల్ని తక్కెడ కోలలా ఒక ఇనుప కమ్మీకి కట్టి, పైన స్ప్రింగు పెట్టాం. ఒకటి గడ్డ ఎక్కితే రెండోది కిందికి దిగుతుంది.

నాకు అర్థం కానిది ఇక్కడే ఉంది. చక్రాలు కదిలితే వాటి చుట్టూ చైను నడిచే దారి మారుతుంది. చైను పొడవు మాత్రం మారదు. కాబట్టి చక్రం కదలడానికి కావలసిన కాస్త పొడవు ఎక్కడో ఒకచోట దాచి ఉండాలి. ఆ దాచిందే వదులు. దాన్ని మొత్తం లాగేస్తే స్ప్రింగులు ఉండీ లేనట్టే. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా వాళ్ళు ఎం24, ఎం26 ట్యాంకుల్లో ఐడ్లర్‌ని పక్క చక్రం చేతికే ముడిపెట్టారు. చక్రం కదిలితే ఐడ్లర్ కూడా జరిగి లెక్క సరిచేస్తుంది. రష్యావాళ్ళ టి-34 ఫొటో చూడండి, చైను పైభాగం పెద్ద చక్రాల మీద కూలబడి ఉంటుంది. చూసినవాళ్ళకి బద్ధకంగా కనిపించే ఆ చైనుతోనే అది యుద్ధమంతా నడిచింది.

మా బండి రెండో రోజు డొంకలో ఆగిపోయింది. రేగడి పళ్ళ మధ్య దట్టంగా పట్టుకుని, పళ్ళ చక్రం లావెక్కినట్టయింది. లావెక్కితే చైను ఇంకా బిగుస్తుంది. ఇంజను నల్లపొగ కక్కింది. ఎడమ ఐడ్లర్ విప్పితే బేరింగు పొడిపొడిగా రాలింది. "షెడ్డులో బిగిస్తే ఎలా? బురద కూడా చైనే కదా" అన్నాడు మేస్త్రీ. భారీ బుల్డోజర్లకీ ఇదే పద్ధతి: పనిచేసే నేల మీద, ఆ మట్టి అందులో ఉండగానే బిగువు సరిచూస్తారు.

దీని మీద నేను చాలా రోజులు ఆలోచించాను. బుద్ధుడు సోణుడికి చెప్పిన వీణ తీగల పోలిక అందరికీ తెలిసిందే: మరీ బిగించినా పలకదు, మరీ వదిలినా పలకదు. నాకున్న అభ్యంతరం మధ్యేమార్గం మీద కాదు. వీణలో రెండు తప్పులూ వాయించేవాడికే వినపడతాయి. చైనులో అలా కాదు. వదులైన చైను టపటపా కొట్టుకుంటుంది, మలుపులో అందరి ముందూ ఊడిపోతుంది, బిగించినవాడు నవ్వులపాలవుతాడు. బిగువెక్కువైన చైను చప్పుడు చెయ్యదు. చూడ్డానికి క్రమశిక్షణలా ఉంటుంది. దాని ఖర్చు మూతవేసిన బేరింగులో, తర్వాతెప్పుడో, ఇంకొకరి చేతిలో బయటపడుతుంది. రెండు తప్పులు సమానం కావు, ఎందుకంటే వాటికి పడే నింద సమానం కాదు. అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా మనం బిగిస్తాం.

నేను ఇంటర్ చదివిన హాస్టల్లో పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్ మొదలయ్యేది, రాత్రి పదిన్నరకి లైట్లు ఆపేవాళ్ళు. ర్యాంకులొస్తే పేపర్లో ఫొటోలు. మా గదిలో ఒకడు సంక్రాంతికి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు. వారంలో అతని మంచం ఇంకొకడికి ఇచ్చారు. ఏమైందని మేమూ అడగలేదు. ఆ బిగువు వల్లే నాకు సీటొచ్చింది, కాదనను. కానీ నాకొచ్చిన సీటుని ఒక లెక్కలోనూ అతని ఖాళీ మంచాన్ని ఇంకో లెక్కలోనూ రాసుకుని, రెండోది "తట్టుకోలేకపోయాడు" అనే ఒక్క మాటతో కొట్టేశాం. ఇప్పుడు ఆఫీసులో టీముకి తేదీలు ఇచ్చేది నేనే. ఆ తేదీలు కూడా చాలాసార్లు సిమెంటు నేల మీదే బిగిస్తున్నాను.

వదులే మంచిదని చెప్పడం లేదు. వంద మీటర్ల డొంకలో 300 కిలోలతో చైను ఊడితే బండి పక్కనున్న మనిషి మీదికి ఒరుగుతుంది. ఐడ్లర్ వెనక స్ప్రింగు మెత్తగా ఉంటే చాలనుకోవడం కూడా నా రెండో పొరపాటు. వెనక పళ్ళ చక్రం ఉన్న బండి ముందుకి పోయేటప్పుడు లాగుడంతా నేల మీది చైనుకే. రివర్స్ వేస్తే అదే లాగుడు పైనుంచి ఐడ్లర్ చుట్టూ తిరిగి వస్తుంది. మెత్తటి స్ప్రింగు నొక్కుకుపోయి చైను పళ్ళ మీంచి ఎగిరి దూకుతుంది. అందుకని బాగా గట్టి స్ప్రింగుని ముందే నొక్కి కూర్చోబెట్టాం. మామూలుగా అది కదలదు, రాయి ఇరుక్కున్నప్పుడు మాత్రమే లొంగుతుంది.

మళ్ళీ డొంకలోనే, బురద పట్టిన చైనుతో, నాలుగు గజాలు ముందుకి నడిపి బ్రేకు వెయ్యకుండా ఆగనిచ్చి, చైను మీద తిన్నని రీపరు పెట్టి కొలిచాం. రెండంగుళాల వేలాడు. "ఏంట్రా ఇది, పాత లుంగీలా ఉంది" అన్నాడు బాబాయి. ఆ రోజు మలుపులో ఒకసారి ఊడింది. ముగ్గురం పలుగులు పట్టుకుని అరగంట కుస్తీపడి ఎక్కించాం. బస్తాలన్నీ రోడ్డుకి చేరేసరికి చీకటి పడింది. ఇంజను ఆపాక ఎడమ ఐడ్లర్ మూత మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది.