ఒకరి ముఖము, మరొకరి కంఠము

పరుల సొమ్ము నపహరించుట దొంగతనమని బాలురు సైతము ఎరుగుదురు. పొరుగువాని పొలముగట్టును జరుపుట అన్యాయమని గ్రామమున ప్రతివాడును ఒప్పుకొనును. కాని ఒక మనుష్యుని ముఖమును తెరపై చూపుచు, ఆ ముఖమునుండి వెలువడిన స్వరమును తొలగించి, దాని స్థానమున వేరొకరి స్వరమును నిలిపినయెడల అది ఏ తప్పు క్రిందికి వచ్చునో మనలో ననేకులు యోచించి యుండరు. అది తప్పనియే తోచదు. నాకును చిరకాలము తోచలేదు. జహీరాబాదు ప్రాంతమున ఒక ముసలమ్మ అడిగిన నాలుగు మాటల ప్రశ్న నా కన్నులు తెరిపించినది.

కొన్నేండ్ల క్రిందట ఒక చిత్రబృందము పాతపంటలను గూర్చి డాక్యుమెంటరీ తీయదలచి ఆ ప్రాంతమునకు వచ్చెను. అచ్చటి పలుకుబడి తెలిసినవాడనని నన్ను వెంటబెట్టుకొని పోయిరి. ఎర్రనేల చేనిగట్టుపై ఒక అవ్వను కూర్చుండబెట్టిరి. ఆమె జొన్న, సజ్జ, కొర్రల విత్తనములను పేడమట్టి అలికిన బుట్టలలో బూడిదయు వేపాకును కలిపి దాచు విధమును చెప్పసాగెను. బృందమువారి కెమెరా మిక్కిలి విలువైనది. దానికి మూడు లెన్సులు. శబ్దమునకు మాత్రము ఆ కెమెరాకు అంటియున్న చిన్న మైకే గతి. కెమెరా అవ్వకు పది అడుగుల దూరమున కాదు, పది అంగల దూరమున నుండెను. చేనిమీదుగా గాలి వీచుచుండెను. హైదరాబాదునుండి పూనాకు పోవు జాతీయ రహదారిపై లారీలు హోరెత్తుచుండెను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఆ శబ్దమెట్లు పడుచున్నదో వినినవాడు ఒక్కడును లేడు. ఎల్లరును ఆమె ముఖమునే చూచుచుండిరి.

నగరమునకు పోయి చూచుకొనగా గాలి మిగిలినది, మాట పోయినది. మరల వచ్చుటకు డబ్బు లేదనిరి. నన్నడిగి ఆమె చెప్పిన విషయమును వ్రాయించుకొని, దానిని పుస్తకభాషలోనికి దిద్ది, శిక్షణ పొందిన ఒక యువతిచేత చెప్పించి అతికిరి. వ్రాసి యిచ్చినవాడను నేనే గనుక ఈ తప్పులో నాకును పాలు గలదు. కొన్ని నెలలకు ఆ చిత్రమును గ్రామమున ప్రదర్శించిరి. అవ్వ శ్రద్ధగా చూచి, నావైపు తిరిగి, "మొగం నాదే. మాట ఎవలది?" అని యడిగెను. ఆ అడుగుటలో కోపము లేదు. తన యింటిలో పరాయివారు కూర్చుండియుండుట చూచినవారు పొందు విస్మయము మాత్రముండెను.

బృందమువారి సమాధానము నాకు తెలిసినదే. "భావము మారలేదు గదా! విషయము లోకమునకు అందినది గదా! ఆమె మాట నగరవాసులకు అర్థమగునా?" అని వారందురు. పైకి ఇది న్యాయముగనే కనబడును. కాని మాట యనునది భావమను బస్తాను మోయు బండి మాత్రమే యగునా? బండి మారినను బస్తా మారదనుట ధాన్యము విషయమున నిజము. మనుష్యుల విషయమున నిజము కాదు. అవ్వ ఒక విత్తనము పేరు చెప్పబోయి క్షణకాలము ఆగినది. ఆ విత్తనము ఇప్పుడామె యింట లేదు. ఆ ఆగుటలో ఒక పంట పోయిన కథ యున్నది. వ్రాసియిచ్చిన కాగితములో నేనా మౌనమును వ్రాయలేదు. చదివిన యువతి దానిని పలుకలేదు. న్యాయస్థానమున సాక్షి తానే వచ్చి చెప్పవలెను గాని, సాక్షి కంటె మంచి కంఠము గలవానిని పంపుట చెల్లునా? తాను చూచినదానిని, చేసినదానిని చెప్పువారి మాట సాక్ష్యము. సాక్ష్యమునకు ప్రతినిధి లేడు.

అట్లయిన డబ్బింగు యావత్తును పాపమనవలెనా? అననక్కరలేదు. 1932లో విడుదలయిన మన తొలి టాకీ భక్తప్రహ్లాదలో నటులు యంత్రము నెదుటనే పలికి, అచ్చటనే పాడిరి. పిమ్మట నేపథ్యగానము వచ్చెను. కెమెరాల రొద చేతను, బహిరంగ ప్రదేశముల చిత్రణ చేతను మాటలను గూడ తరువాత గదిలో చేర్చు పద్ధతి దేశమంతట బలపడెను. 2001లో వచ్చిన లగాన్ వంటి చిత్రములు చిత్రణస్థలముననే మాటలు పట్టుట పెద్ద కథాచిత్రమునకును సాధ్యమని మరల చూపినవి. అయినను కథాచిత్రమున పాత్ర కల్పితమని ప్రేక్షకుడు ఎరుగును. ఒకరి రూపమును మరొకరి గాత్రమును కలిసి ఒక పాత్రను నిర్మించుటకు అతడు సమ్మతించియే టిక్కెట్టు కొనును. అందు మోసము లేదు. కంఠమిచ్చు కళాకారుల విద్య గౌరవింపదగినదే. కాని డాక్యుమెంటరీ ప్రేక్షకునకు చేయు వాగ్దానము వేరు. "ఈమె ఈమెయే" అనుట ఆ వాగ్దానము. దానిని భంగపరచినవాడు ప్రేక్షకునకును, చిత్రింపబడిన మనుష్యునకును ఋణపడును.

ఇక్కడనే సాధనముల ప్రశ్న నీతిప్రశ్న యగుచున్నది. "మేము పేదవారము, మంచి యంత్రములు కొనలేము" అనువారు ముందు ఒక చిన్న లెక్కను గమనింతురు గాక. బయలు ప్రదేశమున మాటాడువారికిని మైకునకును గల దూరము రెట్టింపయిన ప్రతిసారియు మాట బలము సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. గాలియు లారీయు మాత్రము తగ్గవు. రొమ్ముపై జానెడు దూరమున, అనగా 20 సెంటీమీటర్ల చెంత, ఉండవలసిన మైకును 6 మీటర్ల 40 సెంటీమీటర్ల దూరమునకు కొనిపోయినచో ఐదు రెట్టింపులగును. నష్టము 30 డెసిబెళ్లు. ఏ లెన్సు వెలయు ఈ నష్టమును పూడ్చజాలదు. దూరమున నున్న విలువైన మైకు కంటె దగ్గరనున్న చవుక మైకు మేలు. కావున మొదటి సూత్రము ధనమునకు సంబంధించినది కాదు, చేరువకు సంబంధించినది. మాట కావలెనన్న మనిషి దగ్గరకు పోవలెను.

ఇతర సూత్రములును ఇట్టివే. పొడుగాటి షాట్‌గన్ మైకును కర్రకు తగిలించి తలపైనుండి నోటివైపు వంచి పట్టుట పొలమున మంచి ఫలమునిచ్చును. బండలు పరచి రేకులు కప్పిన చిన్నగదిలో గోడలనుండి మరలివచ్చు ధ్వని చేత అదే మైకు తడబడును. అచ్చట పొట్టిమైకును దగ్గరగా పెట్టుట మేలు. చీరకు తగిలించు చిన్నమైకునకు కొంగు రాపిడియు, మెడలోని పూసలును శత్రువులు. దానిని తగిలించుటకు ముందు అనుమతి యడిగి, వీలయినచో స్త్రీచేతనే తగిలింపవలెను. గాలి వీచు చోట మైకునకు బొచ్చు తొడుగు లేకుండ పనికి దిగరాదు. మాట హఠాత్తుగా పెరిగినను పగులకుండ కొలతలో కొంత చోటు విడువవలెను. డిజిటల్ రికార్డరులో శిఖరము తెగినచో పోయినది తిరిగి రాదు. మాటలు ముగిసిన పిదప అర నిమిషము ఎల్లరును ఊరకుండి ఆ స్థలపు నిశ్శబ్దమును గూడ పట్టుకొనవలెను. కూర్పు వేళ అతుకులు కనబడకుండ కప్పునది అదియే. వీటన్నిటికంటె ముఖ్యము, హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినుటయే పనిగా ఒక మనిషి యుండవలెను. అవ్వ యెదుట మేమార్గురముంటిమి. వినువాడుండిన ఆమె మాట దక్కియుండును.

అయితే మంచి శబ్దము కావలెనను కోరికయు దుర్మార్గమునకు దారి తీయగలదు. అదే ప్రయాణమున మరొక యింట చిత్రణ జరుగుచుండగా కోడలు పొయ్యిచెంత జొన్నరొట్టె తట్టుచుండెను. ఆ చప్పుడు ఆపుమని బృందమువాడొకడు ఆజ్ఞాపించెను. "రొట్టె ఆపితే పిల్లలేం తింటరు సారూ?" అని ఆమె యడిగెను. అతడు విసుగుకొనెను. చదువరులారా, ఆ యింట ఎవరి శబ్దము చప్పుడు? తరతరములుగా ఆ వేళకు ఆ యింట వినబడుచున్న రొట్టె దరువా, లేక ఆ ఉదయము వచ్చి ఆజ్ఞలిచ్చుచున్న మా గొంతులా? కుర్చీ నాలుగు అడుగులు జరిపినచో, లేదా పిల్లలు తినువరకు ఓపికపట్టినచో రెండు పనులును నెరవేరియుండెడివి. నీటి మోటారును, పిండిమరను, పసిబిడ్డ యేడ్పును ఆపుటకు మనకు హక్కు లేదు. ఆపుదురా యని యడుగుటకు, కాదన్నచో కాచుకొనుటకు మాత్రమే హక్కు గలదు. స్పష్టత పేరిట ఊరిమీద పెత్తనము చేయువాడు స్పష్టముగా పట్టుకొనునది తన పెత్తనమునే.

ఈ ధర్మమును నేను కొత్తగా చెప్పుచున్నాననుకొనవలదు. జహీరాబాదు చెంత పస్తాపూరులో కేంద్రము గల దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల స్త్రీలు, దళిత రైతుస్త్రీలు, బడికి పోనివారనేకులు, దీనిని ఎన్నడో ఆచరించి చూపిరి. కెమెరా పట్టనేర్చినప్పుడు వారు పై యెత్తునుండి క్రిందికి చూచు దృశ్యమునకు పటేలు షాటనియు, కంటికి కన్ను సమముగా నుండు దృశ్యమునకు సంఘము షాటనియు పేరు పెట్టుకొనిరి. సంఘమున అందరును నేలపై ఒకే మట్టమున కూర్చుందురు గదా! వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు వరంగల్లు ప్రాంతపు బీటీ పత్తి రైతులచెంతకు మూడేండ్లపాటు మరల మరల పోయి, వారి నష్టమును వారి నోటనే చెప్పించి, 2005లో చిత్రముగా వెలువరించినది. విత్తనముల వ్యాపారులు కాదన్న సంగతిని రైతు తన గొంతుతో చెప్పినప్పుడు, ఆ గొంతే ప్రమాణము.

మాచనూరులోని సంఘం రేడియో కథయు ఇట్టిదే. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినను, స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడుపు అనుమతి విధానము 2006లో గాని రాలేదు. ఆ లోపల ఈ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కార్యక్రమములను టేపులపై రికార్డు చేసి సంఘ సమావేశములలో వినిపించుకొనిరి. 2008 అక్టోబరు 15వ తేదీన వారి ప్రసారములు 90.4 మెగాహెర్ట్జుపై ఆరంభమయ్యెను. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ యనువారు ఆ కేంద్రమును నడిపిరి. వినిపించినది ఆ యూళ్ల పలుకుబడియే. దానిని దిద్దుటకు పుస్తకభాష యెరిగినవారిని వారు పిలువలేదు. దృశ్యమునకు ఎత్తుపల్లములున్నట్లే శబ్దమునకును గలవని నాకు వారినుండియే తెలిసినది. కెమెరా కడకు వంద అడిగి, మైకు కడకు పది విదిల్చిన బృందము, "నిన్ను చూచెదము గాని విన నవసరము లేదు" అని మాటాడకుండగనే చెప్పుచున్నది. అదియు పటేలు షాటే.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. తీగలేని మైకును తగిలించుకొన్న మనిషి మాట ముగించి లోపలికి పోయి, కోడలితో అప్పుసంగతియో, కూతురితో జబ్బుసంగతియో మాటాడవచ్చును. కెమెరా ఆగినది, మైకు ఆగలేదు. దూరముగా కూర్చున్నవాని చెవులలో ఆ యింటి గుట్టు స్పష్టముగా పడుచుండును. ఆతడెవరికిని చెప్పకపోవుట చాలదు. వెంటనే ఆ మీట దించి, రికార్డయిన భాగమును చెరిపి, ఆ సంగతి ఆమెకు తెలుపవలెను. వినుట ఎంత ధర్మమో, వినకుండుటయు ఒకొక్కప్పుడంత ధర్మము. ఎవరి మాటను ఎప్పుడు ఆపవలెనో యంత్రమునకు తెలియదు. ఆ తెలివి పట్టినవానికుండవలెను.

కావున చిత్రములు తీయబూనిన యువకులకు నా విన్నపము స్వల్పము. మూడవ లెన్సు కొనుటకు ముందు ఒక మంచి మైకును, దానికి బొచ్చు తొడుగును, ఒక జత హెడ్‌ఫోన్లను కొనుడు. వినుటకు ఒక మనిషిని నియమింపుడు. పని ముగిసిన పిదప పెట్టెలు సర్దుటకు ముందు ఆ హెడ్‌ఫోన్లను మాటాడినవారి చెవులకు పెట్టి, వారి మాటను వారికి వినిపింపుడు. చాలనిచో అచ్చటనే మరల చెప్పుదురు. వలదన్నది అచ్చటనే తొలగింపవచ్చును. ఇందుకు పట్టునది పావుగంట. ఆనాడు మేమాపని చేసియుండినచో అవ్వ గాలిహోరు విని, "నా మాట ఏది బిడ్డా?" అని అడిగియుండును. మేము సిగ్గుపడి, మైకు దగ్గరకు జరిపి, మరల మొదటినుండి వినియుందుము.