కాషాయం, సంతకం

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద నలభై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. పేపర్లో ఎవరైనా నాయకుణ్ణి ఛాందసుడు అన్నారంటే, దేన్ని చూసి అన్నారా అని వెతుక్కుంటాను. చాలాసార్లు బొట్టు చూసి, బట్ట చూసి, ఏ గుడికి వెళ్లాడో చూసి అన్నదే.

ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉంటూ కాషాయం కట్టారు. ఆ వేషం చూస్తే ఎవరికైనా పాతకాలపు మనిషే అనిపిస్తాడు. ఆయన ప్రభుత్వమే 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశమంతటికీ అది వచ్చేసరికి 2005 అయింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు మాత్రం ఆనాడు భాగం రాలేదు. అక్కాచెల్లెళ్లు నా బల్ల ముందు పక్కపక్కనే కూర్చున్న రోజులున్నాయి: చెల్లెలికి భాగం, అక్కకు పసుపు కుంకుమ.

తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ సంగతి ఇంకా చిక్కు. 1951 మేలో, నెహ్రూకు ఇష్టం లేకపోయినా, సోమనాథ ఆలయ ప్రతిష్ఠకు వెళ్లారు. అదే ఏడు, హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చే హిందూ కోడ్ బిల్లును గట్టిగా వ్యతిరేకించారు; సార్వత్రిక ఎన్నికలు కాకముందే ఇంత పెద్ద మార్పు తేకూడదన్నారు. బిల్లు ఆగింది, సెప్టెంబరులో న్యాయమంత్రి అంబేడ్కర్ రాజీనామా చేశారు. ఛాందసుడన్న పేరు రాజేంద్రప్రసాద్‌కు అలా అంటుకుంది. అయితే 1955లో వివాహ చట్టం మీద, 1956లో వారసత్వ చట్టం మీద రాష్ట్రపతిగా సంతకం పెట్టిందీ ఆయనే. మనసు మారి పెట్టారని నాకు తోచదు. ఎన్నికైన పార్లమెంటు మాటకు తన నమ్మకాన్ని అడ్డు పెట్టలేదు, అంతే. సోమనాథం వెళ్లినందుకు నేనాయన్ని తప్పుపట్టను. బిల్లుకు అడ్డుపడినందుకు పడతాను.

దేవుడి ముందు వంగడం ఎవరికి వారి లెక్క. ఇంకొకరి భాగానికి అడ్డం నిలబడితే అది అందరి లెక్క. రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టామంటే, భక్తులంతా ఆడపిల్లల హక్కుకు శత్రువులని, గుడికి వెళ్లనివాళ్లంతా న్యాయం చేశారని ఒప్పుకున్నట్టే. నా బల్ల దగ్గర రెండూ అబద్ధమే అని తేలింది. దేవుడు లేడని ఊరూరా సభలు పెట్టిన ఒక పెద్దమనిషి చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి హక్కు విడుదల రాయించుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసి, సిరా పైటకొంగుకు తుడుచుకుంటూ, “ఇక పుట్టింటికి రాకపోకలకు ఇబ్బంది ఉండదు కదా బాబూ?” అని నన్నడిగింది. నాకు నోట మాట రాలేదు. ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ అభ్యుదయవాది అనే అంటారు.

మీ నాయకుడికి ఏ పేరు పెట్టాలనుకున్నా, ముందు తన అక్కచెల్లెళ్లకు భాగం రాశాడో లేదో కనుక్కోండి. రిజిస్టరైన పంపకమైతే ఆ కాగితం ఆఫీసులోనే ఉంటుంది. రుసుము కడితే నకలు ఇస్తారు.